గజం లెక్కలో కనిపించని ఇల్లు

దోమల్‌గూడలో ఒక పాత బంగళాను విప్పే రోజున నేను అక్కడున్నాను. అందరికంటే ముందు వచ్చినవాడు పాత కలప కొనే వ్యాపారి. వీధి గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి చిన్న చాకు తీసి, దర్వాజా అంచున రంగును గోరంత మేర గీకాడు. ఏడెనిమిది పూతల రంగు కింద తేనెరంగు కలప బయటపడింది. రాలిన పొట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "బర్మా టేకు" అన్నాడు. టేపుతో పొడవు, వెడల్పు, మందం కొలిచి ఎన్ని ఘనపుటడుగులో కాగితం మీద రాసుకున్నాడు. దూలాలు, వాసాలు, కిటికీ రెక్కలు, మెట్ల పక్కన చేతిపట్టె, అన్నింటికీ అదే కొలత. సాయంత్రానికి షాబాదు బండలకు, ఇనుప గర్డర్లకు కూడా బేరం కుదిరింది.

ఆ స్థలం అమ్మకం మాట్లాడుకున్నప్పుడు ఇంటికి ఒక్క రూపాయి కట్టలేదు. ఎన్ని గజాలు, గజం ఎంత, అంతే. నిలబడి ఉన్నన్నాళ్లూ విలువ లేదనిపించుకున్న ఇల్లు, విప్పిన రోజు ముక్కముక్కకూ ధర పలికింది.

మన నగరాల్లో మంచి పేటల్లోని పాత ఇళ్ల క్రయవిక్రయాలను గురించి ఆలోచించాలంటే ఈ వింత దగ్గరే మొదలుపెట్టాలి. ఇల్లుగా ఎందుకు ధర లేదు? ఇల్లుగానే చేతులు మారాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్నలను ధర, వాటా, చట్టం, ఇతర నగరాల అనుభవం, ఇంటి ఆరోగ్యం అనే వరసలో చూద్దాం.

ఏ ఇళ్లు, ఏ పేటలు

హైదరాబాద్‌లో 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీల నుంచి జనం గాలి, వెలుతురు ఉన్న చోట్లకు కదలడం ఆ కాలంలో ఊపందుకుంది. బంజారాహిల్స్ రాళ్ల మధ్య మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నప్పుడు అది ఊరికి దూరమైన గుట్ట. ఆ తర్వాతి దశాబ్దాల్లో హిమాయత్‌నగర్, బర్కత్‌పుర, దోమల్‌గూడ, బేగంపేట, మారేడ్‌పల్లి వీధుల్లో వకీళ్లు, డాక్టర్లు, ఉద్యోగులు బంగళాలు కట్టుకున్నారు. బెంగళూరులో 1898 ప్లేగు తర్వాత వెలసిన బసవనగుడి, మల్లేశ్వరంది కూడా ఇలాంటి కథే. విశాఖ వాల్తేరు అప్‌లాండ్స్‌లోనూ, గుంటూరు బ్రాడీపేటలోనూ, విజయవాడ గవర్నరుపేటలోనూ, చెన్నై మైలాపూరులోనూ ఆ తరం ఇళ్లు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి.

వీటి అందం పైపై అలంకారంలో లేదు. అడుగున్నర మందం గోడలు, డంగు సున్నం, పద్నాలుగు అడుగుల ఎత్తున కప్పు, కప్పు కింద వేడిగాలి బయటికి పోయే చిన్న కిటికీలు, పడమటెండను ఆపే వరండా, పెరట్లో బావి: ఇవన్నీ కలిసి మే నెలలో కూడా ఇంటిని చల్లగా ఉంచుతాయి. గర్డర్ల మధ్య ఇటుకల కమాన్లు తిప్పిన కప్పు, టేకు వాసాల మీద ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికిన మద్రాసు టెర్రస్, మంగళూరు పెంకులు పరిచిన పంచ, ఒక్కో ఊరికి ఒక్కో పద్ధతి. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో మొదలుపెట్టిన కర్మాగారంతో వచ్చిన ఆ పెంకుల పేరు మన కోస్తా పల్లెల దాకా వచ్చి స్థిరపడింది. ఇలాంటి కప్పుల పనులు తెలిసిన తాపీమేస్త్రీలు ఇప్పుడు దొరకడం కష్టం. దాన్నిబట్టి చూసినా ఈ ఇళ్లు ఇక పుట్టవు, ఉన్నవి మిగలాలి.

ధర ఎక్కడ తేలుతుంది

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. మంచి పేటలో 600 గజాల స్థలం, అందులో డెబ్బై ఏళ్ల బంగళా. గజం లక్షన్నర అనుకుంటే స్థలానికి తొమ్మిది కోట్లు. ఇల్లుగా కొని ఉండాలనుకునే కుటుంబం ఈ తొమ్మిది కోట్లు చెల్లించి, ఆపైన మరమ్మతు ఖర్చు పెట్టుకోవాలి. బిల్డరు దృష్టిలో అదే స్థలం స్టిల్టు మీద నాలుగైదు అంతస్తులు. అతను పూర్తి సొమ్ము ముందే పెట్టనక్కర లేదు. డెవలప్‌మెంట్‌కు తీసుకుని, కొంత గుడ్‌విల్ ముట్టజెప్పి, కట్టినదాంట్లో సగమో ఎక్కువో యజమానికి ఇస్తే సరిపోతుంది. ఈ రెండు బేరాల మధ్య పోటీ మొదటి నుంచీ ఒకవైపే మొగ్గి ఉంది.

నిబంధనలు కూడా ఈ మొగ్గును పెంచాయి. 2006లో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న) పరిమితి ఎత్తేశారు. స్థలం, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ ఇవే ఎత్తును నిర్ణయిస్తున్నాయి. 18 మీటర్లు, ఆపైన ఎత్తు భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలని 2012 భవన నిబంధనలు చెప్పాయి. అంత స్థలం పాత పేటల్లో పెద్ద తోట ఉన్న బంగళాలకే ఉంటుంది. తోట ఎంత పెద్దదైతే ఇంటికి ప్రమాదం అంత దగ్గర.

బ్యాంకుల తీరు మరో కారణం. గృహరుణం ఇచ్చేటప్పుడు కట్టడం వయసు, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుంది, మంజూరైన ప్లాను ఉందా అని అడుగుతారు. 1940లలో కట్టిన ఇంటి ప్లాను కాగితం ఎవరింట్లో భద్రంగా ఉంటుంది? కొత్త ఫ్లాటుకు సులువుగా వచ్చే రుణం, పాత ఇల్లు కొనే కుటుంబానికి అంత తేలిగ్గా రాదు. అలా ఇల్లుగా కొనగల వారి సంఖ్య పడిపోతుంది. కొనేవాళ్లు లేరు కాబట్టి ధర లేదంటారు, ధర లేదు కాబట్టి రుణం లేదంటారు.

సంతకాల దగ్గర

అయినా ఈ విషయంలో నాకు గట్టిగా అనిపించిన మాట వేరే ఉంది. చాలా ఇళ్లు నేల ధర పెరిగినందువల్ల మాత్రమే పడిపోలేదు. వాటాలు పంచాల్సి వస్తే ఇల్లు ముక్కలు కాదు, ఫ్లాట్లు అవుతాయి. ఇద్దరన్నదమ్ములు, ఇద్దరక్కచెల్లెళ్లు, తల్లి ఉన్న కుటుంబానికి ఒక బంగళాను అయిదు వాటాలు చేయడం సాధ్యం కాదు. యజమాని వాటాగా వచ్చే అయిదు ఫ్లాట్లు మాత్రం అయిదుగురికీ చక్కగా సరిపోతాయి. డెవలప్‌మెంటు ఒప్పందం మన నగరాల్లో నిజానికి పంపకాల పత్రంగా పనిచేస్తోంది.

వాటాల చట్టం తెలియక జరిగే ఆలస్యం దీనికి తోడు. తాత సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా చెందుతుంది. ఉమ్మడి పిత్రార్జితంలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు అన్న మార్పును ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు అది వర్తించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం కుటుంబాల్లో వాటాలు షరియత్ ప్రకారం నడుస్తాయి. ఎవరి విషయంలోనైనా ఒక్క అక్క సంతకం మరిచిపోయినా ఆమె వాటా మేరకు ఆ అమ్మకం చెల్లదు.

ఆ వాటాదారుల్లో ఒకరు అమెరికాలో, మరొకరు ఆస్ట్రేలియాలో ఉంటారు. ఎవరూ ఇంట్లో ఉండరు, ఎవరూ మరమ్మతుకు డబ్బు పంపరు, ఎవరూ ఇంకొకరికి వదులుకోరు. ఇంటి కప్పు రెండు వానాకాలాలు ఆగగలదు, పదేళ్లు ఆగలేదు. తగవు తేలేసరికి ఇల్లు "పనికిరాని కట్టడం" అవుతుంది. అప్పుడు ఎవరైనా చేయగలిగేది ఒక్కటే.

ఇందులో ఎవరినీ నిందించలేం. ఎనభై ఏళ్ల తల్లి నాలుగు గదుల ఇంట్లో ఒంటరిగా, కారే కప్పు కింద, రాత్రిపూట భయంతో ఎందుకు గడపాలి? లిఫ్టు, కాపలా, పక్కనే మనుషులు ఉన్న ఫ్లాటు ఆవిడకు నిజమైన సుఖం. పాత ఇళ్లను గురించి రాసే మనం ఆ సుఖాన్ని చిన్నచూపు చూడకూడదు.

చట్టం ఎంతవరకు కాపాడింది

వారసత్వ భవనాలకు దేశంలో మొదట నిబంధనలు తెచ్చిన నగరం ముంబయి, 1995లో. అదే ఏడాది చివర హైదరాబాద్ కూడా తన జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి, నూరుకు పైగా కట్టడాలను జాబితా చేసింది. ఆ ముందుచూపు గర్వించదగ్గది. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ ప్రాసాదం ఇప్పటికీ నిలిచి ఉంది.

కానీ ఆ తీర్పు ఒక ప్రాసాదానికి. మారేడ్‌పల్లి, దోమల్‌గూడ వీధుల్లోని మామూలు కుటుంబాల బంగళాలు చాలావాటికి ఏ జాబితాలోనూ చోటు లేదు. చరిత్ర జరిగిన ఇల్లయితే ఎవరో ఒకరు పట్టించుకుంటారు. 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించిన మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇల్లు స్మారకంగా మిగిలింది. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది. చరిత్ర ఏమీ జరగని, మనుషులు మాత్రమే జీవించిన ఇంటికి దిక్కెవరు?

జాబితాలో చేరిన యజమాని బాధ కూడా వినాలి. అతని ఇంటి పక్కవాళ్లు అయిదంతస్తులు లేపుకుంటారు. అతను గోడ మార్చాలన్నా అనుమతి అడగాలి. ఊరందరికీ అందం, అతనొక్కడికే ఖర్చు. నష్టపరిహారం లేని సంరక్షణ యజమానికి శిక్షలా తోస్తుంది. అందుకే కొందరు ఇల్లు జాబితాకు ఎక్కకముందే పడగొట్టారు, కొందరు కావాలనే నానబెట్టి పాడుచేశారు.

దీనికి మందు మన నిబంధనల్లోనే ఉంది. టీడీఆర్, అంటే కట్టుకునే హక్కును మరోచోటికి బదిలీ చేసే పత్రం. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు ఇది బాగా తెలుసు. వారసత్వ భవనాన్ని నిలిపి ఉంచిన యజమానికి కూడా దీన్ని ఇవ్వవచ్చు. తన స్థలంలో కట్టకుండా వదులుకున్న అంతస్తులను పత్రంగా మార్చి, ఊళ్లో మరోచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు గుణం ఇంకొకటి. టీడీఆర్ అమ్మగా వచ్చిన డబ్బు ముక్కలవుతుంది. ఇల్లు ఒకరికి, ఆ డబ్బు మిగతావారికి పంచవచ్చు. ఫ్లాట్లు చేస్తున్న పంపకం పనిని ఇల్లు కూలకుండానే అది చేయగలదు. వారసత్వ జాబితాను ప్రాసాదాల దగ్గర ఆపకుండా వీధుల దాకా తీసుకురావడమే మిగిలిన పని.

మిగతా ఊళ్లు ఏం చేశాయి

అహ్మదాబాద్ పాత నగరం 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. అక్కడి పోళ్లలోని, అంటే ఇరుకు పాత వాడల్లోని, చెక్క ఇళ్ల యజమానులకు టీడీఆర్ ఇచ్చే పద్ధతి నడుస్తోంది. 1924లో ఒక మిల్లు యజమాని కట్టుకున్న ఇల్లు ఇప్పుడు పేరున్న హోటలు. పుదుచ్చేరిలో ఇంటాక్ సంస్థ తమిళ వీధుల్లోని ఇళ్ల ముందు భాగాల మరమ్మతులో యజమానులకు తోడ్పడింది. వైశ్యాళ్ వీధికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఒక ఇంటిని కాక వీధినే కాపాడితే, ప్రతి ఇంటికీ పక్కింటి వల్ల విలువ పెరుగుతుంది. కోల్‌కతాలో రచయిత అమిత్ చౌధురి 2015 నుంచి సామాన్య గృహస్థుల ఇళ్లకోసమే ఉద్యమం నడిపారు.

సింగపూరు అనుభవం వ్యాపార బుద్ధితో ఆలోచించేవారికి కూడా నచ్చుతుంది. 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా వంటి పాత పేటలను సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. ఇప్పుడు సింగపూరు మొత్తంలో సంరక్షణలో ఉన్న కట్టడాలు ఏడు వేలకు పైనే. ఇక పెరగవన్న కారణంగానే కింద దుకాణం, పైన నివాసం ఉండే అక్కడి పాత ఇళ్లకు విపరీతమైన గిరాకీ. కాలిఫోర్నియాలో 1972 నుంచి ఉన్న మిల్స్ చట్టం ప్రకారం, ఇల్లు చక్కగా ఉంచుతానని ఊరి పాలకసంస్థతో ఒప్పందం చేసుకున్న యజమానికి ఆస్తిపన్ను తగ్గుతుంది.

మన దగ్గరా ఆశ పుట్టించే గుర్తులున్నాయి. బంజారాహిల్స్‌లో 2010లో ఒక పాత ఇల్లు లామకాన్ పేరుతో కళలకు, చర్చలకు వేదికైంది. అక్కడ సాయంత్రం నాటకం చూసిన కుర్రవాడికి పాత ఇంటి విలువ ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. కేఫ్‌లు, బొటిక్‌లు, చిన్న హోటళ్లు, ఆఫీసులు పాత బంగళాల్లోకి వస్తున్నాయి. నివాసం పోయిందని బాధపడేవారున్నారు. అద్దె వచ్చే ఇల్లు నిలుస్తుంది, అద్దె రాని ఇల్లు పడుతుంది. నాకు మొదటిదే మేలనిపిస్తుంది.

కొనేవారు చూడవలసినవి

ఇల్లుగానే కొనాలనుకునేవారు మొదట వానాకాలంలో వెళ్లి చూడాలి. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి, పాత ఇళ్ల నేల రోడ్డుకంటే కిందికి దిగిపోయింది. ఒక గంట వాన పడితే వీధి నీళ్లు ఎటు పోతాయో మీ కళ్లతో చూడండి. తర్వాత దూలాల చివరలు. దూలం మధ్యలో గట్టిగా ఉన్నా, గోడలోకి దిగిన చోట తేమకు పుచ్చుతుంది, చెద పడుతుంది. సుత్తి పిడితో తట్టితే గట్టి టేకు ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. గోడ అడుగున చౌడు పట్టి సున్నం రాలుతుంటే సిమెంటు పూతతో మూయకండి. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. సున్నపు గోడకు సున్నమే మందు. పాత మేస్త్రీలు కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నానబెట్టిన సున్నంతోనే అతుకు వేసేవారు. కరెంటు తీగలు, నీటి గొట్టాలు మాత్రం మొత్తంగా మార్చేయాలి, అందులో మొహమాటం వద్దు. బేరం ఖాయం చేసుకునే ముందు పాత కట్టడాలు తెలిసిన ఇంజినీరు చేత చూపించి, ఆ మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.

కాగితాల విషయంలో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు, కుటుంబసభ్యుల ధ్రువపత్రం, మున్సిపల్ పన్ను రసీదులు తప్పవు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చేతికిచ్చి "ఇదే అమ్మకం" అంటే నమ్మకండి. అలాంటి పత్రంతో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజిస్ట్రేషన్‌కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం దాకా పెట్టుకోవాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవారిలో ఎన్నారై ఉంటే ఆ వాటాకు కోత చాలా ఎక్కువ. ముందుగా ఆడిటరును అడగకపోతే ఆ భారం కొన్నవారి మీద పడుతుంది.

అమ్మేవారు చేయగలిగింది

అమ్మేవారు చేయాల్సిన మొదటి పని పెద్దవాళ్లు బతికి ఉండగానే వీలునామా రాయించడం. రెండోది, వాటాదారులంతా ఒకసారి కూర్చుని, ఇల్లు ఉంచుకోగలవారు ఎవరో అడగడం. ఒకరు మిగతావారి వాటా కొనుక్కోవాలంటే, కుటుంబసభ్యుల మధ్య పంపకం, సెటిల్‌మెంటు పత్రాలకు స్టాంపు సుంకం అమ్మకం పత్రంకన్నా తక్కువ.

పన్ను భయంతో ఇల్లు తొందరపడి డెవలప్‌మెంటుకు ఇచ్చేవాళ్లున్నారు. లెక్క అంత కఠినం కాదు. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచి ఉన్న ఆస్తికి ఆ తేదీ నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు. 2024 జులై 23కు ముందు సంక్రమించిన ఇంటికి, ఇక్కడ నివసించే వ్యక్తులు ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఈ రెండింట్లో తక్కువ పడేది కట్టవచ్చు. లాభాన్ని గడువులోగా మరో ఇంటి మీద పెడితే పది కోట్ల పరిమితి వరకు మినహాయింపు ఉంది.

డెవలప్‌మెంటుకే ఇవ్వాలనుకుంటే ఒక హెచ్చరిక. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు అక్కర్లేదు. పాత ఇళ్ల స్థానంలో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. గడువు, అద్దె, నాణ్యత అన్నీ ఒప్పందంలో రాయించుకోవాలి, తర్వాత అడగడానికి ఆ రక్షణ ఉండదు.

చివరగా

ఇన్ని కోణాల నుంచి చూశాక నాకు తేలింది ఇది. మన పాత ఇళ్లకు శత్రువు బిల్డరు ఒక్కడే కాదు. వాటా తేల్చుకోలేని కుటుంబం, వయసు చూసి రుణం ఆపే బ్యాంకు, యజమానికి ఏమీ ఇవ్వకుండా కాపాడమనే ప్రభుత్వం, ముగ్గురూ కలిసి ఇంటిని గజాల లెక్కకు వదిలేస్తున్నారు. ఇంటికి ఇల్లుగా ధర కట్టే దారి ముగ్గురి చేతుల్లోనూ ఉంది. వీధుల స్థాయి జాబితా, దానికి టీడీఆర్, మరమ్మతు రుణం, కుటుంబంలో సకాలంలో పంపకం. వీటిలో కొత్తగా కనిపెట్టాల్సింది ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో తాతలనాటి ఇల్లు ఇంకా నిలిచి ఉంటే, వచ్చే పండగకు అందరూ కలిసినప్పుడు ఒక పని చేయండి. ఇంటి కొలతలు తీయించండి, గదిగదికీ ఫొటోలు తీయండి, కాగితాలన్నీ ఒక చోట చేర్చండి, ఎవరెవరికి ఏం కావాలో ఆ రోజే అడగండి. ఉంచుకుంటారో అమ్ముతారో మీ ఇష్టం. కలప వ్యాపారి చాకుతో గీకి చూడకముందే ఆ దర్వాజా బర్మా టేకని మీకు తెలిసి ఉండాలి.